ఎదురు లారీ లేని రోడ్డు

నా చెల్లెలంటే నాకు కుళ్ళు. ప్రేమ కూడా ఉంది, అది వేరే సంగతి. మోటార్‌సైకిల్ రేసుల జాతీయ పోటీల్లో అమ్మాయిల విభాగానికి అది ఎంపికైందని తెలిసిన రోజు, ఒడిశా రాయగడలో మా వీధంతా స్వీట్లు పంచింది నేనే. ఇంటికొచ్చి ఒక్క ముక్క కూడా నోట్లో పెట్టుకోలేకపోయాను.

దానికి బండి నేర్పింది నేను. నాకంటే చాలా చిన్నది. లక్ష్మీపూర్ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చాక రోజూ ఘాట్ రోడ్డు ఎక్కి దిగేదాన్ని. ఆదివారం చర్చి అయ్యాక చెల్లెల్ని వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేదాన్ని. కొన్నాళ్ళకి అది ముందు, నేను వెనక. మలుపు కనబడగానే ఎడమకి ఒదుగు, హారన్ కొట్టు, అవతల లారీ ఉందనే అనుకో. ఇదీ నా పాఠం. ఖనిజం లారీలు తిరిగే ఆ దారిలో ఇంతకు మించిన చదువు ఇంకేముంటుంది?

మా ఇంట్లో ఒక అలవాటుంది. ఎవరు ప్రయాణమైనా, జిల్లా దాటని గుడారి దాకా అయినా సరే, బండెక్కే ముందు ఇంటిపెద్ద ప్రార్థన చెయ్యాలి. కోస్తా నుంచి బడిపంతులుగా వచ్చి ఇక్కడే ఉండిపోయిన నాన్న ప్రార్థనలో ఒక్క మాట మాత్రం ఎప్పుడూ మారదు: "ఎదురొచ్చే లారీల నుంచి బిడ్డని కాపాడు ప్రభువా." నాన్న లేనిచోట ఆ పని పెద్దకూతురిగా నాది.

చెల్లెలు ఎంపికయ్యాక ఫోన్లో ఆ పోటీల చరిత్రంతా తవ్వాను. కుళ్ళుకుంటూ చదివినంత శ్రద్ధగా చరిత్రని ఎవరూ చదవరు. మొదట్లో మద్రాసు దగ్గర, విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే మీద పందేలు పెట్టేవారట. ఆ తరవాత రేసుల కోసమే ట్రాక్ కట్టారు. పొగ కక్కే టూ స్ట్రోక్ బళ్ళు పోయి ఫోర్ స్ట్రోక్‌లు వచ్చాయి. ఇంజన్ని బట్టి ఒక విభాగం, అనుభవాన్ని బట్టి ఒక విభాగం, కొత్తవాళ్ళకి వేరే విభాగం. ఆ పాత ఫొటోల్లో ఆడమనిషి ఎక్కడుందా అని వెతికితే, గెలిచినవాడి పక్కన పూలదండ పట్టుకుని నిలబడి ఉంది. అమ్మాయిలకంటూ విభాగం పెట్టేసరికి నాకు పెళ్ళయి చంకన పిల్ల. అలాంటిదొకటి పెట్టారన్న కబురు కూడా నాదాకా రాలేదు. చెల్లెలికి మాత్రం అన్నీ వేళకి వచ్చాయి. ఆ చరిత్ర చదువుతున్నంతసేపూ దాని మీద కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను.

పోటీకి దానితోపాటు నేనే వెళ్ళాను. శనివారం, రేసులో ఎవరు ఏ వరసలో నిలబడాలో తేల్చే పరుగు. తోలు సూటు వేసుకుని, హెల్మెట్ చంకన పెట్టుకుని వచ్చి, "అక్కా, ప్రార్ధన సెయ్యి" అంది. చేశాను. నాన్న మాటలే, లారీలతో సహా. ఆమెన్ అని వెళ్ళింది.

ప్రతి మలుపు ముందూ అది ఎడమకి ఒదిగిపోయింది. మిగతా పిల్లలు రోడ్డు వెడల్పంతా వాడుకుంటూ దాన్ని దాటిపోయారు. వచ్చాక, మలుపు మలుపుకీ వేలు హారన్ కోసం తడుముకుందని చెప్పింది. రేసు బండికి హారనే ఉండదు. ఎదురుగా ఎవరూ రారని ఎన్నిసార్లు చెప్పాలని కోచ్ అరిచాడు. దానికి చిట్టచివరి వరసలో చోటు దొరికింది. నాకు సంతోషం వేసింది. దాన్ని దగ్గరికి తీసుకుని వీపు నిమురుతూనే ఉన్నాను, సంతోషమూ వేస్తూనే ఉంది.

ఆదివారం పొద్దున్న వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"నిన్న ప్రార్ధనలో లారీలెందుకు తెచ్చేవక్కా?"

"నాన్న ప్రార్ధనే అది. నోట్లోంచి అదే వచ్చీసింది."

"కోచ్ సెప్తే బుర్ర ఇంటంది గానీ సెయ్యి ఇనట్లేదు. ఈ సేతికి నేర్పింది నువ్వు. ఎదర ఏటీ రాదని నువ్వే సెప్పు."

దాని చేతుల్లో ఆ లారీ ఉన్నంతకాలం అది నా శిష్యురాలు. ఆ లారీని తీసేస్తే నాకు అందనంత దూరం వెళ్ళిపోతుంది. నిన్న ఆ మాట అలవాటు కొద్దీ అన్నానా, కావాలనే అన్నానా? అప్పటికీ తేల్చుకోలేదు, ఇప్పటికీ తేలలేదు. అవతల ఇంజన్లు మొదలయ్యాయి. కోచ్ పిలుస్తున్నాడు. అది మాత్రం కదలకుండా తల వంచుకుని నిలబడింది, మా గుమ్మంలో నాన్న ముందు నిలబడినట్టే.

దాని తల మీద చెయ్యి పెట్టాను. "ప్రభువా, ఈ అమ్మికి ఎదర ఏ లారీ లేదు. ఏ బండీ రాదు. రోడ్డంతా దీనిదే."

కోపంగానే వచ్చింది మాట. అయినా అది ఆమెన్ అంది.

మొదటి మలుపులో అది కుడి అంచు దాకా వెళ్ళి, అక్కడి నుంచి లోపలికి వాలింది. మా ఘాట్‌లో అలా వాలిన మనిషి ఇంటికి రాదు. ఒక్కొక్కరినే దాటుకుంటూ వెళ్తుంటే నాకు కడుపు మండుతూనే ఉంది, గొంతు చించుకుని అరుస్తూనే ఉన్నాను. నా ఎడమ బొటనవేలు మాత్రం ప్రతి మలుపుకీ ముందున్న కంచె ఇనప కమ్మీని హారన్‌లా నొక్కుతోంది. చెల్లెలు నాలుగోదిగా వచ్చింది. నాలుగోవాళ్ళకి కప్పు ఇవ్వరు.

పరిగెత్తుకుంటూ వచ్చి నన్ను వాటేసుకుంది. "లారీ రాలేదక్కా!"

"రాదని సెప్పేను కదే."

నా చేతిలో సీసా లాక్కుని నీళ్ళు గటగటా తాగింది. మూతి తుడుచుకుంటూ మామూలుగా అడిగింది, "మరి నీకెవులు సెప్పేరక్కా?"

"నాకెవులూ సెప్పలేదమ్మి" అన్నాను.