మూడు వేళ్ల మణికట్టు పట్టు

సర్కారువాళ్లు యుద్ధానికి మనుషుల్ని పోగేస్తున్న ఏడాది, చెరుకు గానుగలో నా కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు పోయాయి. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. వేళ్లు పోయినందుకు ఏడవలేదు. కర్నూల్లో నేను కుస్తీ నేర్చుకునే తాలీంఖానాలో ఉస్తాద్, "నువ్వింక గోదా ఒడ్డునే కూర్చోప్పా. వేళ్లు లేకుండా మణికట్టు పట్టు యాడ నిలుస్తాది?" అన్నప్పుడు మాత్రం ఇంటికి పోయి అన్నం ముట్టలేదు. ఎదుటివాడి మణికట్టు ఒడిసిపట్టి, మెలితిప్పి, బోర్లా పడేయడం. నాకు బాగా వచ్చిన పట్టు అదొక్కటే.

గాయం మానగానే ఉస్తాద్‌ను బతిమాలాను.

"ఒక్క ఆదివారం చూస్తా. నిలిచినావంటే ఉంటావు, లేదంటే మళ్లా అడగొద్దు" అన్నాడు.

ఆ ఆదివారం చర్చి నుంచి నేరుగా పోయి, గోచీ బిగించి గోదా ఎర్రమట్టిలో దిగాను. ఎదురుగా మా అక్క మొగుడు. కింద పడ్డా పైచేయి నాదే అనే రకం.

"ఏం బామ్మర్దీ, ఆ చేత్తో ముక్కుపొడుం పట్టేది కూడా రాదే, నన్నేం పడతావు?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. రెండుసార్లు ఆయన మణికట్టు అందుకున్నాను. రెండుసార్లూ జారిపోయింది. మూడోసారి ఆయనే నన్ను నెట్టడానికి నా రొమ్ము మీద చెయ్యి వేశాడు. పట్టుకోవడం మానేసి, ఆ చేతిని నా రెండు అరచేతులతో రొమ్ముకే అదిమి, చిటికెనవేలు పైకొచ్చేలా మెలిపెట్టి, ముందుకు వంగాను. వంగానంతే. అంత మనిషి మోకాళ్ల మీద కూలబడ్డాడు. చెయ్యి వదలకుండా పక్కకు తిరిగి, బోర్లా పడేసి, భుజం మీద మోకాలు ఆనించాను. ఇక లేవలేక బావ నేల తట్టాడు. ఓడిపోయానని చెప్పుకోవడం అలాగే.

సంతోషంతో ఆ మట్టిలోనే గంతులేయాలనిపించింది. ఉస్తాద్ మాత్రం నవ్వలేదు. తలరుమాలు విప్పి పక్కన పెట్టి, అరవై ఏళ్ల మనిషి మట్టిలోకి దిగి, నా రొమ్ము మీద చెయ్యి వేశాడు.

"మీ బావ ఏమారినాడు. ఆ పట్టు నా మీద వెయ్యి."

భయం వేసింది. అయినా సగంలో ఆపలేదు, పూర్తిగా వంగాను. ఆయన మోకాళ్లు నేలకు తగిలాయి. మా ఎవరి ముందూ ఏనాడూ నేల తట్టని మనిషి రెండుసార్లు తట్టాడు.

లేచి, మణికట్టు రుద్దుకుంటూ, ఒడ్డున కూర్చున్నవాళ్ల వైపు తిరిగాడు.

"రాండప్పా, అందరూ దిగండి. ఇది నాకూ రాదు, ఈయప్ప నేర్పిస్తాడు" అని, వరసలో అందరికన్నా ముందు తనే నిలబడ్డాడు.