రెండు డీలాలు

ఇవాళ పొద్దున బండికి డీజిల్ ఫిల్టరు మార్చాను. చేతులకి సబ్బు రాశాను, శెనగపిండి రాశాను, నిమ్మతొక్కతో రుద్దాను. అయినా వాసన వదిలితేనా! అన్నం ముద్ద నోటి దగ్గరికి తెచ్చేసరికి పప్పు వాసన కంటే ముందు డీజిలే తగిలింది. దాని వెనకే సూరమ్మత్త గుర్తొచ్చింది. ఒక్కదాన్నే కూచుని నవ్వుకున్నాను. పాత ఫిల్టరు ఇవాళ ఎక్కువ బతిమాలించుకోకుండానే ఊడొచ్చింది మరి.

సూరమ్మత్త మాకు చుట్టమేమీ కాదు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా పక్క క్వార్టర్ వాళ్లదే. శ్రీకాకుళం వైపు నుంచి తాతల నాడే వచ్చి డ్యూటీల్లో చేరిన కుటుంబాలు మావి, అందుకని ఇరుగుపొరుగంతా అత్తలూ మావయ్యలే. మావయ్య రిటైరయ్యాక అదే ఊళ్లో కుదుదండ్‌లో ఇల్లు తీసుకుని పెళ్లిళ్లకి వంటలు చేసి పంపే పని పెట్టారు. పెట్టారంటే, పెట్టింది అత్త. మావయ్య రుచి చూసేవాడు. ఆవిడ తిట్టని గిన్నె లేదు, గరిటె లేదు. వంటలు మొయ్యడానికి పాత పికప్ బండి ఒకటి కొని దాన్నీ తిట్టేది.

డ్రైవరు పని మానేసి వెళ్లిపోయిన రోజున నన్ను పిలిచి, "నీకు బండొచ్చు కదేటే? రేపట్నించి నువ్వే తోలు" అంది. మా నాన్నకి కోపం నషాళానికెక్కింది. "ఆడపిల్లకి డ్రైవరు పనేటి? నలుగురూ ఏటనుకుంటారు?" అని ఎగిరాడు. అత్త ఆయనకంటే ఎత్తుకి ఎగిరింది. "ఒక నెల తోలనీ అన్నయ్యా. ఒక్క పెళ్లికి వంట అందకపోయినా నేనే మానిపించేస్తాను, సరేనా?" నాన్న ఊరుకున్నాడు గానీ నా గుండెల్లో రాయి పడింది. చదువయ్యాక ఏళ్ల తరబడి ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూచున్నదాన్ని. స్టీరింగు పట్టుకున్నాకే నాకు ఊపిరాడింది. అది పోతే మళ్లీ ఆ నాలుగు గోడలే.

నెల నిండకముందే బెల్తరాలో ఓ పెళ్లి వచ్చింది. బండి వెనకాల పులిహోర, పప్పు, గుత్తివంకాయ, అన్నీ పొగలు కక్కుతున్నాయి. అత్తా నేనూ ఊరు దాటి కొంత దూరం వెళ్లామో లేదో బండి దగ్గి దగ్గి ఆగిపోయింది. ఫిల్టరు పూడుకుపోయిందని తెలుస్తూనే ఉంది. కొత్తది సీటు కింద ఉంది, మార్చడమూ చూశాను. తీరా పట్టుకుంటే పాతది ఇసుమంతైనా కదల్లేదు. చేత్తో బిగించాల్సిన దాన్ని ఎవడో పుణ్యాత్ముడు పానా పెట్టి బిగించేశాడు. నేను గింజుకుంటున్నాను, చెయ్యి జారుతోంది. ఇంతలో పెళ్లివారి ఫోను. "వచ్చేస్తన్నాం బాబూ, అచ్ఛా, ఇదిగో మలుపులో ఉన్నాం" అంది అత్త. మలుపూ లేదు, నా మొహమూ లేదు. చుట్టూ కోసేసిన వరిచేలు.

"అయిపోయిందత్తా. నాన్న అన్నట్టే అయింది" అని ఏడ్చేశాను.

అప్పుడు అరిచింది చూడండి! "ఏటే! డీలా అవ్వాల్సింది ఆ ఫిల్టరు. నువ్వు డీలా పడిపోతావేటి?"

హిందీలో డీలా అంటే వదులు. మన డీలా సంగతి మీకు తెలిసిందే. రెంటినీ ఒకే విస్తట్లో వడ్డించడం బిలాస్‌పూర్ తెలుగువాళ్లకే చెల్లు. ఏడుస్తూనే పకపకా నవ్వేశాను. కళ్లు తుడుచుకుని మళ్లీ చూస్తే అసలు సంగతి తెలిసింది. ఫిల్టరు తలకిందులుగా వేలాడుతుంటే, నేను పైనుంచి చెయ్యి పెట్టి సీసా మూత తీసినట్టు తిప్పుతున్నాను. "అత్తా, ఇంతసేపూ బిగించానే!" అన్నాను.

"నా తల్లే! బాగా బిగించావు గానీ, ఇంక ఇప్పు" అంది.

వేడి గిన్నెలు దింపే గోనెపట్టా తెచ్చి ఫిల్టరుకి చుట్టింది. ఇద్దరం కలిసి రెండో వైపుకి తిప్పాం. కిర్రుమంది, కదిలింది, డీజిలు మోచేతుల దాకా కారింది. కొత్తదాని రబ్బరు చుట్టుకి ఆ డీజిలే పూసి, చేత్తోనే బిగించి, ఫిల్టరు మీదున్న చేతిపంపు నొక్కి లోపలి గాలి వెళ్లగొట్టాను. బండి కాసేపు మొరాయించి అందుకుంది. హమ్మయ్య! ఆ చప్పుడు వినగానే దండం పెట్టాలనిపించింది.

దారంతా తిట్లు తప్పవనుకున్నాను. కాస్త దూరం పోయాక ఎంతకీ మాట వినపడకపోతే పక్కకి చూశాను. అత్త నోరు తెరుచుకుని గురక పెడుతోంది. అవతల పెళ్లివారు కాచుకుని ఉన్నారు, ఇప్పుడే ఆగి లేచిన బండి, తోలేది నేను. అయినా హాయిగా నిద్రపోతోంది! విస్తళ్లు వేస్తుండగా చేరాం. నాన్న మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అత్త పోయి చాలాకాలమైంది. బండి ఇప్పుడు నా పేరు మీద ఉంది. నా పక్క సీట్లో ఎవరైనా కునుకు తీశారంటే నేను ఇప్పటికీ లేపను. గతుకులు చూసుకుని నెమ్మదిగా తోలతాను.