బండిబాటకు అడ్డంగా

ఆ టోలు గేటు మా బండి ముందర దిగిన మొదటిరోజు నాకు నవ్వొచ్చింది. మాకోసం కాదులే, వెనక వచ్చే లారీకోసం దించినట్టున్నారు అనుకున్నా. మాది చిన్న ట్రాలీ ఆటో. వెనక పట్టుగూళ్ల సంచులు, ముందర స్టీరింగు పట్టుకొని మా ఆయన, పక్కన నేను. మా ఊరు పెనుకొండకూ హిందూపురానికీ నడుమ ఉంది. మల్బరీ తోట, పురుగుల షెడ్డు, అదే మా సేద్యం. గూళ్లు ఏరినామంటే ఇంక ఆగేదానికి లేదు. సంచుల్లో వేడెక్కుతాయి. ఇంకా ఆలస్యమైతే లోపలి పురుగుకు రెక్కలొచ్చి, గూడు తొలుచుకొని బయటికొస్తుంది. తొలిచిన గూడును ఎవరూ కొనరు. అందుకే పొద్దున్నే హిందూపురం మార్కెట్టులో వేలం మొదలయ్యేలోగా అక్కడుండాల.

గేటు పక్క అద్దాల గదిలో యూనిఫాం వేసుకున్న ఒకామె కూర్చోనుంది. "ఫాస్టాగ్ స్టిక్కరు లేదు, రెండింతలు కట్టాల," అనింది.

"ఎందుకు కట్టాల?" అన్నాడు మా ఆయన. కోపంతో కాదు, నిజంగానే తెలియక అడిగినాడు.

"రోడ్డుకు, అన్నా."

"రోడ్డు ముందునుంచీ ఉండాది కదమ్మా!"

ఆమె నావైపు చూసింది. మాటను బట్టి ఆమడగూరు తట్టు మనిషి. "నాకేం తెలుసక్కా. ఈడ కూర్చోమన్నారు, కూర్చున్నా," అని గొంతు తగ్గించి చెప్పింది. వెనక లారీలు ఒకటే హారన్లు. కట్టినాము. మార్కెట్టుకు చేరేసరికి పెద్ద బేరగాళ్లు కొనుక్కొని పోయినారు. మిగిలినోళ్లు సంచిలో చెయ్యి పెట్టి, మూతి విరిచి, వాళ్ల నోటికొచ్చిన ధర చెప్పినారు. ఇచ్చేసి వచ్చినాము. తిరుగుదారిలో మళ్లీ అదే గేటు దిగింది. ఈ తూరి నాకు నవ్వు రాలేదు.

మా తోట వెనక పాత బండిబాట ఒకటి ఉంది. రోడ్డు లేని కాలంలో ఎద్దులబండ్లు హిందూపురం సంతకు పోయిన బాట. గేటును చుట్టుకొని, అవతల మళ్లీ రోడ్డెక్కుతుంది. ఆ బాట పక్కనే ఒక అక్కకు కొట్టం ఉంది. వాళ్లది గొర్రెలు మేపుకొని బతికే ఇల్లు. మేము ఆ బాటలో పోవడం మొదలుపెట్టినాక మా వెనకే పాలబండి, కూరగాయల ఆటోలు, కూలోళ్లను తీసుకుపోయే జీపులు అన్నీ వచ్చినాయి. అక్క గొర్రెలు దుమ్ము మింగి దగ్గుతున్నా ఆమె ఒక్కమాట అనలేదు. "పోండప్పా, పోండి. బాట ఉండేది పోయేదానికే గదా," అనేది.

ఒకరోజు గూళ్ల సంచులతో అట్లే పోతూ ఉంటే ముందర పాలబండి ఆగిపోయింది. దిగి చూస్తే బాటకు అడ్డంగా గుంత. మనిషి దిగితే నడుమువరకు వచ్చేంత లోతు. తవ్విన మట్టిని కూడా పక్కన వేయలేదు, ఎత్తుకొనిపోయినారు, మేము మళ్లీ పూడ్చకూడదని. అక్క గట్టుమీద నిలబడి తిడుతూ ఉంది. "జేసీబీ తెచ్చినారు. ఎవరు చెప్పినారు మీకని అడిగితే కంపెనీ అన్నారు. ఈ బాట మీ కంపెనీవాడి అబ్బదా అంటే, అవ్వా, పక్కకు పో అన్నారు. నేను వాడికి అవ్వనంట!"

అంతవరకు నాకు ఉన్నది చిరాకే. ఆ గుంతను చూసినాక ఒళ్లు మండింది. గేటు పెట్టి అడగడం ఒకటి. మనిషి కాలినడకన పోయే దారికి కూడా గొయ్యి తీసి, నా ముందరనుంచే పోవాల అనడం ఇంకొకటి. ఎవరైనా ఇంటి వాకిలి ఇట్లా తవ్విపోతే ఊరుకుంటామా?

ఊర్లో మాట్లాడినాము. మా ఆయనకు పెద్దనాయన, నాకు పెద్దమామ, ఊరికి పెద్ద. భూమి ఉంది, కారుంది, మాట ఉంది. ఆయన ముందర నిలబడి మాట్లాడిన కోడలు మా ఇంట్లో అంతవరకు లేదు. ఆయనే "నేను చూసుకుంటా, పెనుకొండకు పోదాం పదండి," అన్నాడు. మగవాళ్లతోపాటు నేనూ, అక్కా కూడా బండెక్కినాము.

పెనుకొండలో రోడ్ల ఆఫీసరు మమ్మల్ని బాగానే కూర్చోబెట్టినాడు. నీళ్లిప్పించినాడు. ఆ తరువాత చెప్పిన మాటే మింగుడు పడలేదు. "ఇంతకుముందు పెద్ద హైవేలకే గేట్లుండేవి. ఇప్పుడు రాష్ట్రం రోడ్లకూ పెట్టుకోవచ్చని చట్టమైంది. వెడల్పు చేసిన కంపెనీ వసూలు చేసుకుంటుంది. చట్టం కదా, నా చేతిలో ఏముంది?"

"ఆ చట్టం చేసేటప్పుడు మమ్మల్ని అడిగినారా సార్?" అన్నా.

"అసెంబ్లీలో మీ మనిషి ఉన్నాడు కదమ్మా. ఆయనను మీరే పంపించినారు."

"ఓటుకోసం మా ఊరికొచ్చినప్పుడు ఆయన గేటు మాటెత్తలేదు. వానలు లేని ఏండ్లలో మా అమ్మ కరువుపనికి పోయి ఆ రోడ్డుకు కంకర కొట్టింది సార్. నన్ను చెట్టుకింద పడుకోబెట్టి కొట్టింది. కూలికి గింజలిచ్చినారు. ఆ రోడ్డుమీద పోయేదానికి ఇప్పుడు నేను కంపెనీకి దుడ్లు కట్టాల్నా?"

ఆయన నవ్వినాడు. చెడ్డ నవ్వు కాదు, చిన్నపిల్ల మాటకు నవ్వినట్టు. "అది పాత రోడ్డమ్మా. దానిమీదనే కదా కొత్తది వేసింది."

అవును, దానిమీదనే వేసినారు. ఆ మాట ఆయన నోటితోనే వచ్చింది, ఆయనకే వినపడలేదు. పక్కన పెద్దమామ నా మోచేతిని తట్టి, చాలులే అన్నట్టు చూసినాడు.

గేటు దగ్గర కూర్చుందామని నిర్ణయమైంది. పెద్దమామే చుట్టుపక్కల ఊర్లకు కబురు పెట్టినాడు. ఆ పొద్దు ఎంతమంది వస్తారో ఎవరికీ తెలియదు. ధర్మవరం నుంచి మగ్గం నేసేవాళ్లు బస్సులో వచ్చినారు, వాళ్ల రోడ్డుకూ గేటు రాబోతోందని విని. కర్ణాటక అంచునుండే అగళి తట్టు ఆడోళ్లు కన్నడంలో అరుస్తూ వచ్చి మా పక్కనే కూర్చున్నారు. నాకు సగం అర్థమైంది, మిగిలిన సగం వాళ్ల చేతులు చెప్పినాయి. అక్క గొర్రెలన్నిటినీ తోలుకొచ్చి రోడ్డుమీద వదిలేసింది. ఎస్సై వచ్చి "వీటిని పక్కకు తోలు" అంటే, "అవి నా మాట వినవు సార్, నువ్వే చెప్పు," అనింది. అందరూ నవ్వినారు. ఎండ నెత్తిమీదికొచ్చింది. తారు కాలింది. అద్దాల గదిలోని ఆమడగూరామె బాటిల్‌తో నీళ్లు తెచ్చి, ఎవరూ చూడకుండా నా పక్కన పెట్టి పోయింది.

పెద్దమామ ముందర కుర్చీలో కూర్చున్నాడు. మేము కిందనే. కొంచెంసేపటికి కంపెనీ మేనేజరు వచ్చి ఆయనను, ఇంకో ఇద్దరు పెద్దమనుషులను లోపలికి పిలుచుకుపోయినాడు. ఏసీ గది. తలుపేసినారు. మేము బయట అరుస్తానే ఉన్నాము.

తలుపు తెరుచుకున్నప్పుడు పెద్దమామ ముఖంలో చెమట లేదు. "లేయండి, లేయండి," అన్నాడు. "మాట్లాడినా. మనూరి కార్లకు పాసులిస్తారంట. ఇంటి అడ్రసు చూపిస్తే చాలు."

"సరుకు బండ్లకు?" అని ఎవరో అడిగినారు.

"దానికి తరువాత చూద్దామన్నాడు."

"బాటకు అడ్డం తీసిన గుంత?" అని అక్క అడిగింది.

"అన్నీ ఒకే దినం అయితాయా? లేయండి ముందు."

"మా ఊరికి?" అన్నాడు ధర్మవరం ముసలాయన ఒకడు. పెద్దమామ ఆయనవైపు చూడనైనా లేదు.

నేను లేచినా. ఇంటికి పోయేదానికి కాదు. పోయి ఆయన ముందర నిలబడినా. "మామా, కారు మనూర్లో ఎంతమందికి ఉండాది? నీకుండాది, లోపలికి పోయిన ఆ ఇద్దరికుండాది. నీ కారుకోసం మమ్మల్నందరినీ ఈ ఎండలో కూర్చోబెట్టినావా?"

ఆయన చుట్టూ చూసినాడు. "ఇంటికి పో. ఇంట్లో మాట్లాడుదాం."

"ఈడనే చెప్పు. వీళ్లందరూ ఎవరిని నమ్మి వచ్చినారు? నువ్వు పిలిస్తే గదా వచ్చినారు!"

"ఏమప్పా, నీ పెండ్లానికి చెప్పేది లేదా?" అన్నాడు మా ఆయనతో. మా ఆయన తల వంచుకున్నాడు. అది చూస్తే పెద్దమామ మీదకంటే ఎక్కువ కోపమొచ్చింది నాకు.

మా ఊరోళ్లు లేచినారు. ఒకరి వెనక ఒకరు, ముఖాలు దించుకొని పోయినారు. మా ఆయన కాసేపు నిలబడి, పురుగులకు ఆకు వేయాలని గొణిగి, ఆయనా పోయినాడు. మిగిలింది నేను, అక్క, ఆమె గొర్రెలు, ధర్మవరమోళ్లు, అగళి ఆడోళ్లు. మధ్యాహ్నం పోలీసులు మమ్మల్ని వ్యానెక్కించి ఒక కల్యాణమండపంలో కూర్చోబెట్టినారు. పెండ్లి కుర్చీలు, గోడకు ఇంకా వాడిన పూలదండలు. సాయంత్రం పేర్లు రాసుకొని పంపించినారు. గొర్రెలను అక్క కొడుకు ఎప్పుడో తోలుకుపోయినాడు.

ఇంట్లో నేనూ మా ఆయనా మాట్లాడుకోవడం ఆగిపోయింది. షెడ్డులో పక్కపక్కనే ఆకు వేసేవాళ్లం, అంతే. కొన్నాళ్లకు మా ఆయన ఒక పాసు స్టిక్కరు తెచ్చి బల్లమీద పెట్టినాడు. పెద్దమామ చెప్పి ఇప్పించినాడంట, మా సరుకుబండి ఒక్కదానికి మాత్రం.

"ఊరికే వచ్చేదాన్ని వద్దంటావా? మన గూళ్లు టైముకు పోతాయి."

"పాలబండికి ఇచ్చినాడా?"

"లేదు."

"కూరగాయల ఆటోలకు?"

"లేదు గానీ..."

"అయితే దాన్ని ఆయన కారుకే ఇంకొకటి అంటించుకోమను."

ఆయన లేచినాడు. స్టిక్కరు తీసుకొని బయటికి పోయినాడు. ఏం చేసినాడో నేను అడగలేదు. బండికి మాత్రం అంటించలేదు.

ఆ మరుసటి పొద్దే నేను గంపా పారా తీసుకొని అక్క కొట్టం దగ్గరికి పోయినా. ఆమె నన్ను చూసి లోపలికి పోయి ఇంకో గంప తెచ్చింది. గట్టుమీద మట్టి తవ్వి గుంతలో పోయడం మొదలుపెట్టినాము. నడుములు పడిపోయినాయి. ఎంత పోసినా గుంత అట్లే నోరు తెరుచుకొని ఉంది. పొద్దెక్కేసరికి పాలాయన పెండ్లాం వచ్చింది. ఆ తరువాత తోటకూర అమ్ముకొనే ఇద్దరు. కడకు మా ఆయన ట్రాక్టరు బాడుగకు మాట్లాడి, ట్రాలీ నిండా మట్టి తెచ్చి కుమ్మరించినాడు. నావైపు చూడలేదు. నేనూ చూడలేదు. ఆ సాయంత్రం షెడ్డులో మాత్రం "రేపు ఇంకో ట్రాలీ కావాల," అన్నాడు. "కావాల," అన్నా.

కంపెనీవాళ్లు మళ్లీ తవ్వినారు. మేము మళ్లీ పూడ్చినాము. ఇంకో తూరి జేసీబీ వచ్చినప్పుడు ఊరి ఆడోళ్లందరం గుంత తీసే చోటనే కూర్చున్నాము. డ్రైవరు కాసేపు ఇంజను ఆపకుండా చూసి, ఎవరికో ఫోను చేసి, తిప్పుకొని పోయినాడు. ఆ తరువాత రాలేదు. గేటు మాత్రం అట్లే ఉంది. చట్టమూ అట్లే ఉంది. మేము బాట గెలిచినామే గానీ రోడ్డు గెలవలేదు. అది తలచుకుంటే ఈరోజుకీ నాకు అన్నం రుచించదు.

కార్లకిచ్చిన పాసులు కొంతకాలానికే అని తరువాత తెలిసింది. గడువు అయిపోయినాక కంపెనీవాళ్లు పెద్దమనుషులను గుర్తుపట్టలేదు. ఒక వానరోజు పొద్దున పెద్దమామ కారు బండిబాటలోకి వచ్చింది. మేము పోసిన మట్టి ఇంకా గట్టిపడలేదు, వెనక చక్రం దిగబడిపోయింది. ఆయన దిగి, తెల్లపంచె పైకెత్తి పట్టుకొని నిలబడినాడు.

అక్క కొట్టంలోనుంచి వచ్చింది. "ఏమప్పా, యాడికి పోతాండావు ఈ తట్టు?"

"హిందూపురానికి."

"రోడ్డుండాది గదా!"

ఆయన దిగబడిన చక్రంవైపు చూసినాడు. నేను తోటలోనుంచి చూస్తూ ఉన్నా. పోకూడదు అనుకున్నా. అయితే కారు అడ్డముంటే వెనక పాలబండి ఆగిపోతుంది. పోయినా. నేనూ అక్కా చేతులేసి తోసినాము. బురద నా చీర నిండా పడింది. కారు బయటికొచ్చినాక ఆయన అద్దం దించి నావైపు చూసినాడు. గుంత దగ్గర కూర్చున్నదాని గురించి, కల్యాణమండపం గురించి ఏదో అంటాడనుకున్నా. అవేవీ అనలేదు.

"ధర్మవరం తట్టు కూడా గేటు కడతాండారంట," అన్నాడు. "ఆడోళ్లు మీటింగు పెడతాండారు. నిన్ను పిలుచుకొని రమ్మన్నారు. వచ్చే వారం కారులో పోదామా?"

"వస్తా గానీ బస్సులో వస్తా," అన్నా. "నువ్వు కూడా రా మామా. ఆడ కుర్చీలో మాత్రం కూర్చోవద్దు."

ఆయన అద్దం ఎత్తుకున్నాడు. కారు బాటమీద ఊగుతూ పోయింది. అక్క గంపకు అంటిన బురద గీకుతూ, "వస్తాడంటావా?" అనింది.

"నాకేం తెలుసక్కా," అన్నా. చక్రం చేసిన గాడి లోతుగా పడింది. మా బండి గూళ్లతో రావాల్సి ఉంది. పార తీసుకొని ఇద్దరం ఆ గాడిని పూడ్చడం మొదలుపెట్టినాము.