బాలనర్సయ్య శనివారాలు

బాచుపల్లిలో ఏ ఇంట్లో ఇసుర్రాయి అరిగినా బాలనర్సయ్యకే కబురు వెళ్లేది. అతను గంట్లు కొట్టిన రాయి మీద జొన్నలు ఇట్టే పిండయ్యేవి. నలభై ఏళ్ల మనిషి. మాట తక్కువ, మొండితనం మాత్రం తను కొట్టే రాయికంటే ఒక పిసరు ఎక్కువే. అలాంటివాడు పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు ఉలి పట్టాలంటేనే వణకసాగాడు. కళ్లు పోతున్నాయని అతని భయం. కళ్లు పోయాక రాళ్లు కొట్టేవాడు ఏం చేసుకు బతకాలి?

తలనొప్పి అతనికి కొత్త కాదు. రోజంతా ఎండలో కూర్చుంటే తలంతా బరువెక్కేది. భార్య కిష్టమ్మ శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసేది, తెల్లారేసరికి లేచి పనికి పోయేవాడు. ఈ కొత్త నొప్పి దాని జాతి కాదు. ముందు కళ్లెదుట మిలమిలలాడే గీతలు, రంపపు పళ్లలాగా వంకర్లు పోతూ కదిలేవి. చేతిలో ఉలి సగమే కనిపించేది. కాసేపటికి ఆ గీతలు పోయి, కుడి కణత ఒక్కటే పోట్లు పొడిచేది. వెలుతురు చూడలేడు, తాలింపు వాసన పడదు, తిన్నదంతా కక్కేవాడు. చీకటి గదిలో గోడవైపు తిరిగి పడుకుంటే మర్నాటికి గాని మనిషి అయ్యేవాడు కాదు.

మొదట్లో రెండు నెలలకోసారి వచ్చేది. నర్సింహస్వామికి మొక్కుకున్నాడు. నొప్పి పోయేదాకా శనివారం శనివారం ఒక్కపొద్దు ఉంటాను, దీపం పెట్టేదాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టను అన్నాడు. మొక్కాక నొప్పి తగ్గలేదు సరికదా, నెలకు మూడుసార్లు రాసాగింది. భక్తి చాలలేదనుకొని ఆ నీళ్లు కూడా మానేశాడు! చాదస్తపు మొగుడు చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడని ఊరికే అన్నారా? కిష్టమ్మ "జర అంబలన్న తాగు" అంటే, దేవునితో పరాచికాలా అని కసిరేవాడు.

చివరికి ఊళ్లో ఐలయ్య తాత, కణతకు వాత పెడితే నొప్పి కట్టేస్తుందన్నాడు. ఆదివారం పెడదామని ఖాయం చేశారు. కాలిన ఇనుము కంటికి రెండు వేళ్ల దూరంలో! ఆ మాట విన్నప్పటినుంచి కిష్టమ్మకు అన్నం సయించలేదు. గురువారం పొద్దున్నే మొగుణ్ని బండెక్కించి పట్నంలో యునానీ దవాఖానకు తీసుకుపోయింది.

హకీం సాబ్ ముసలాయన. నాడి చూశాడు, రెప్పలెత్తి రెండు కళ్లూ చూశాడు, వాత సంగతితో సహా అన్నీ తొందర లేకుండా అడిగి తెలుసుకున్నాడు.

"ఆ గీతలు కండ్లు మూసుకున్నా కనవడ్తయా?"

"కనవడ్తయి సాబ్."

"అయితే అవి కంట్ల లేవు, తలల ఉన్నయి. దీన్ని ఆధాసీసీ అంటరు. సగం తల నొప్పి. నీ కండ్లు మంచిగున్నయి, ఫికర్ చెయ్యకు."

బాలనర్సయ్య అక్కడే, నలుగురిలోనూ, వలవలా ఏడ్చేశాడు. ఏడాదిగా గుండెల మీద మోస్తున్న బండ దిగిపోయింది మరి.

"ఎప్పుడెప్పుడు వస్తది?" అన్నాడు హకీం.

"దానికో లెక్క లేదు సాబ్."

"లెక్కుంది!" అంది వెనకనుంచి కిష్టమ్మ. "శనివారమే వస్తది. ఒక్కపొద్దున్న నాడే వస్తది. పొద్దంతా కడుపు మాడ్చుకొని, ఎర్రటెండల తెల్లరాయి ముందట కూసుంటడు." అనేసి చెంపలు వేసుకుంది. నెలలుగా ఆమెకు తెలుసు. దేవుని మీద నేరం మోపినట్టవుతుందని నోరు కుట్టుకుంది.

హకీం నవ్వాడు. "రంజాన్ల రోజా ఉన్ననాడు మా ఇంట్ల బేగంకు గిట్లనే వస్తదమ్మా. దేవునిది తప్పు కాదు, ఖాళీ కడుపుది. యాళ్లకు తిను, నీళ్లు తాగు, నీడకు కూసొని రాయి కొట్టు. ఎప్పుడన్న మళ్లొస్తది. గీతలు కనవడంగనే ఉలి పక్కకు పెట్టి చీకట్ల పండుకో. వాత మాత్రం వద్దు."

ఐలయ్య తాతకు వాత వద్దని చెప్పి, ఆ శనివారం కిష్టమ్మ అంబలి ముంత ముందు పెట్టింది. హకీం బాగున్నాయన్న కళ్లను స్వామి లాగేసుకుంటాడేమోనని బాలనర్సయ్య భయం. కళ్లు గట్టిగా మూసుకొని తాగాడు. పందిరి కింద కూర్చుని ఉలి పట్టాడు గాని, మాటిమాటికీ తలెత్తి గీతల కోసం వెతుక్కున్నాడు. రాలేదు. ఆ పై శనివారమూ రాలేదు. వరసగా నాలుగు శనివారాలు గడిచాయి.

నాలుగో శనివారం అన్నం ముందు కూర్చుని కూడా దిగులుగానే ఉన్నాడు. "మొక్కు తప్పిన గదనే. స్వామి ఏమంటడో."

"ఏమని మొక్కినవు?" అంది కిష్టమ్మ.

"నొప్పి పోయేదాక ఒక్కపొద్దుంట అని."

"పోయింది గద! ఇగ ఒక్కపొద్దు ఎందుకు? నీ మొక్కు చెల్లింది, తిను."

బాలనర్సయ్య పక్కింటివాళ్లు తొంగి చూసేంత గట్టిగా నవ్వాడు. కంచం దగ్గరికి జరుపుకొని కూర అడిగాడు.