మాకు బై వచ్చింది

ఆ రోజుల్లో అని మొదలుపెట్టాలంటే జుట్టు కాస్త నెరిసి ఉండాలంటారు. నాకింకా ముప్ఫై రాలేదు. జుట్టు నెరవడానికి బదులు రాలిపోతోంది కనక ఆ అర్హత అడ్డదారిలో సంపాదించాననుకుని మొదలుపెడుతున్నాను. ఆ రోజుల్లో మా డిగ్రీ కాలేజీకి ఒక బాస్కెట్‌బాల్ జట్టు ఉండేది. సిమెంటు కోర్టు కూడా ఉండేది. మేము ఆడని వేళల్లో దాని మీద అటెండరు గారి ధాన్యం ఆరేది, ధాన్యం ఆరని వేళల్లో మేము ఆడేవాళ్ళం. రింగు మాత్రం ఒక్కటే, తూర్పు వైపుది. పడమటి రింగుని ఏదో తుఫాను స్తంభంతో సహా పడగొట్టి పోయింది. కొత్తది వచ్చేస్తోందని ప్రతి ప్రిన్సిపాలు గారూ చెప్పడం, అది వచ్చేలోగా ఆయన బదిలీ మీద వెళ్ళిపోవడం జరిగేది. అందుచేత మేము నేర్చిన విద్య అంతా తూర్పు ముఖంగానే నేర్చాం. పడమటికి తిరిగి బంతి వెయ్యమంటే, వాస్తు చూసి కట్టిన ఇంట్లో పెరిగినవాళ్ళలాగ, మాకు చెయ్యి లేచేది కాదు.

నేను ఆ జట్టులో ఉండడానికి నా పొడుగు తప్ప ఇంకో కారణం లేదు. మాది శ్రీకూర్మం దగ్గర నాదస్వరం వాయించే కుటుంబం. ఊపిరి బిగబట్టడం మా వంశంలో ఉంది గాని పరుగు లేదు. పీడీ సారు (ఆటలు నేర్పే మాస్టారికి కాలేజీలో అదే హోదా, ఆయన వెనక మాత్రం రెండో అక్షరానికి గుడిదీర్ఘం తీసేసి పలికేవాళ్ళం) నన్ను కింద నుంచి పైదాకా ఒకసారి చూసి, "నువ్వు ఆడక్కర్లేదురా. బెంచీ మీద కూకో సాలు. నువ్వు లేసి నిలబడితే అవతలోల్లు బయపడాల" అన్నారు. పొలంలో దిష్టిబొమ్మకి ఇచ్చే ఉద్యోగమే నాకూ ఇచ్చారు. దిష్టిబొమ్మకి నోరుండదు, నాకుంది, అదొక్కటే తేడా.

ఆట అంతా మా కెప్టెన్‌ది. వాడి చేతుల పొడుగు చూసి అందరం తెడ్డు అని పిలిచేవాళ్ళం. సముద్రం ఒడ్డు పల్లె వాడిది. చిన్నప్పటినుంచి వల విసిరిన చేతులు కనక బంతి వాడి చేతుల్లోంచి వెళ్తున్నప్పుడు విసిరినట్టుండేది కాదు, పరిచినట్టుండేది. వాళ్ళ నాన్నకి నడుం పోయి వేటకి వెళ్ళడం మానేశాడు. ఇంట్లో మగచెయ్యి తెడ్డుదే. ఫైనలియరు సగంలో ఉండగా గుజరాతు నుంచి వాళ్ళ మేనమామ దిగాడు. మా తీరం మగవాళ్ళు చాలామంది అక్కడి వీరావల్ రేవులో బోట్ల మీద పని చేస్తారు. ఆయన పని చేసే బోటులో ఒకడు కాలు విరగ్గొట్టుకుని ఇంటికి వచ్చేశాడు. ఆ ఖాళీలోకి మేనల్లుణ్ణి తీసుకుపోదామని వచ్చాడు. తెడ్డు వాళ్ళమ్మ తమ్ముడి చెయ్యి పట్టుకుని, విజయనగరంలో జరగబోయే కాలేజీల టోర్నమెంటు అయ్యేదాకా ఆగమంది. పీడీ సారు కూడా పల్లెకి వెళ్ళి, కప్పు కొట్టిన జట్టు కెప్టెన్‌కి యూనివర్సిటీ జట్టులో చోటు ఖాయమని, దాంతో పై చదువుకి సీటు వస్తుందని చెప్పారు. మావ చాలాసేపు ఆలోచించి తీర్పు ఇచ్చాడు: "సరే బావూ. కప్పు తెస్తే ఈడి దారి ఈడిది. నానొక్కన్నే ఎల్తాను. ఓడిపోతే మాత్రం ఆ రోజే నాతోటి రైలెక్కాల."

అలా మేము ఆడబోయేది బాస్కెట్‌బాల్ కాక, ఒక మనిషి ఇక్కడ ఉండాలా వద్దా అన్న పంచాయితీ అయి కూర్చుంది. మామూలుగా మేము ఓడిపోవడం అలవాటైనవాళ్ళం, ఓడిపోయి దారిలో బజ్జీలు తిని ఇంటికి వచ్చేవాళ్ళం. ఈసారి విజయనగరం వెళ్ళే బస్సులో ఎవడూ బజ్జీల ఊసెత్తలేదు. వాతావరణం సంతాప సభలాగ ఉందని, రెండు నిమిషాలు మౌనం పాటించి కూర్చుందామని నేనంటే పీడీ సారు నా నెత్తి మీద ఒక్కటిచ్చారు. తెడ్డు ఒక్కడే నవ్వాడు. వాణ్ణి నవ్వించడం ఆ బస్సులో నాకు దొరికిన ఏకైక పని.

విజయనగరంలో దిగేసరికి వాన. అల్పపీడనం అన్నారు. మాకు ఒక తరగతి గది ఇచ్చారు. బెంచీలు కలిపితే మంచం, విడదీస్తే భోజనాల బల్ల. సాయంత్రం పీడీ సారు తడిసిన గొడుగుతో వచ్చి, లాటరీ తగిలినవాడి మొహం పెట్టి, "ఒరే, మనకి బై వచ్చింది!" అన్నారు. జట్ల సంఖ్య సరిపోక మొదటి రౌండు ఆడకుండానే మమ్మల్ని రెండో రౌండుకి పంపేశారు. మేము గంతులేశాం. తెడ్డు ఇంటికి ఫోన్ చేసి, "అమ్మా, మాకు బై వొచ్చీసింది!" అని అరిచాడు. అవతల నుంచి వాళ్ళమ్మ, "పోన్లే నాయినా. ఏటి సేస్తాం. అన్నం తిన్నావా?" అంది. తెడ్డు ఫోను చేతిలో పట్టుకుని నా వైపు అయోమయంగా చూశాడు. "ముందుకెల్లామని సెప్తే పోన్లే అంటాదేట్రా మాయమ్మ?"

అర్థం మర్నాడు ఉదయం తెలిసింది. మావ మా గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో తన సంచి, ఇంకో చేతిలో తెడ్డు సంచి. వాళ్ళమ్మ రాత్రికి రాత్రే సర్దేసిందట, ఎండు చేపల పొట్లంతో సహా. "పదరా. బై సెప్పీసినారట గదా" అన్నాడు మావ, ఎక్కడా కోపం లేకుండా, పెళ్ళివారింటి నుంచి పిల్లాణ్ణి తీసుకెళ్ళడానికి వచ్చినట్టు. పీడీ సారు కంగారుగా అడ్డం వచ్చి, బై అంటే పొమ్మనడం కాదని, ఆడకుండానే ముందుకెళ్ళడమని విప్పి చెప్పారు. మావ నమ్మలేదు. "ఆడకుండా ముందుకెల్లడమేటి సారూ? ఏటకెల్లకుండా సేప పడతాదా?" అన్నాడు. పడుతుందని మేమందరం దేవుడి మీద ఒట్టు వేశాక, ఇంత దూరం వచ్చాను కనక చూసే వెళ్తానని సంచులు మూల పెట్టి బెంచీ మీద పడుకున్నాడు. ఆ రెండు సంచులూ అక్కడే ఉండిపోయాయి. ఎండు చేపల వాసన వల్ల గదిలో ఎక్కడ కూర్చున్నా సంచులు గుర్తొచ్చేవి. ఎవరూ వాటి వైపు చూసేవారు కాదు. చూడకుండా ఉండడానికి ఎంత కష్టపడేవాళ్ళమో, ఆ కష్టం కోర్టు మీద పడి ఉంటే యూనివర్సిటీ ఏమిటి, దేశం జట్టులో ఆడేవాళ్ళం.

రెండో రౌండు రోజున మేము బట్టలు మార్చుకుని, బూట్లు కట్టుకుని, వాన తగ్గిన కోర్టు మీద వరసగా నిలబడ్డాం. అవతలి జట్టు లేదు. దారిలో గెడ్డ పొంగి, నీళ్ళు రోడ్డెక్కి వాళ్ళ బస్సు ఆగిపోయిందట. రిఫరీ గడియారం చూసుకుని, విజిలు ఊది, మేమే గెలిచినట్టు ప్రకటించాడు. మావ నా పక్కకి జరిగాడు. "ఏటయినాదిరా?"

"నెగ్గాం మావా."

"మల్లీ ఆడకుండానేనా?" అని కాసేపు గెడ్డం గోక్కున్నాడు. "ఈ ఆట బాగున్నాదిరా. ఒల్లు అలవదు."

ఆ రోజుతో మావ మాకు అలవాటైపోయాడు. వాన ఆగే దాకా గదిలో చేసేదేమీ లేక, వీరావల్ కబుర్లు చెప్పేవాడు. మధ్యలో సరంగు దగ్గర్నుంచి, అంటే బోటు నడిపే పెద్ద దగ్గర్నుంచి, ఫోన్ వచ్చేది. మావ వరండాలోకి వెళ్ళి, "లేదు సరంగా, ఇంకా ఓడిపోనేదు" అని మెల్లగా చెప్పేవాడు. ఆ మాట వినపడ్డప్పుడల్లా తెడ్డు బూట్ల లేసులు విప్పి మళ్ళీ కట్టుకునేవాడు.

సెమీఫైనల్ నిజంగా ఆడాల్సి వచ్చింది. అక్కడి రింగులు కూడా తూర్పు పడమరలే. మొదటి సగం మా వాటాకి పడమటి రింగు వచ్చింది, అనుకున్నట్టే చిత్తుగా వెనకబడ్డాం. మావ బెంచీ మీద నా పక్కనే కూర్చుని, "ఇంతమంది ఉండగా ఐదుగురే ఆడతన్నారేటి? నువ్వెందుకు ఆడవు?" అన్నాడు.

"నేను రిజర్వు మావా."

"అంటే?"

"టికెట్టు ఉంటాది. సీటు ఉండదు."

"వెయిటింగ్ లిస్టన్నమాట" అని జాలిగా నా వీపు నిమిరాడు. (నా క్రీడా జీవితాన్ని అంత సూక్ష్మంగా మళ్ళీ ఎవరూ వర్ణించలేదు.) సగం అయ్యాక వైపులు మారాయి. తూర్పు రింగు మా ముందుకొచ్చింది. ఇక తెడ్డు చేతులు లేచాయి. వాడు బంతి పరుస్తూంటే మిగిలిన నలుగురూ దాని కిందకి వెళ్ళి నిలబడేవారు, అంతే. మావ మొదట కూర్చుని చూశాడు, తర్వాత లేచాడు, తర్వాత బెంచీ ఎక్కాడు. "లాగు! లాగరా! ఒగ్గీకు!" అని వల లాగేటప్పుడు అరిచే అరుపులు అరిచాడు. మేము గెలిచాం. మావ పరిగెత్తి వెళ్ళి మేనల్లుణ్ణి చంక కింద చేతులేసి అమాంతం ఎత్తేశాడు. ఎత్తినవాణ్ణి దించాక మాత్రం ఏదో గుర్తొచ్చినట్టు నవ్వు తగ్గించుకుని, భుజం మీది తువ్వాలుతో వాడి మొహం తుడిచి, పక్కకి వెళ్ళిపోయాడు.

టీ కొట్టు దగ్గర కనిపించాడు. నన్ను చూసి, "గుంటడు బాగా ఆడతాడ్రా" అన్నాడు. ఆడతాడన్నాను. "నాకు తెల్దు. నాకెవుడు సెప్పినాడు?" అని టీ గ్లాసు అటూ ఇటూ తిప్పాడు. "ఆడి బాబుకి మందులు కావాల. మాయప్ప ఒక్కర్తీ సేపల గంప ఎత్తుకుని ఎన్నూర్లని తిరగతాది? బోటు మీద ఖాళీ రోజూ ఉండదు. నానేమన్నా సెడ్డోన్నేట్రా?" అలాంటి ప్రశ్నకి వెయ్యడానికి జోకు లేదు. కాదు మావా అన్నాను. "రేపు నెగ్గీయండ్రా" అన్నాడు టీ కొట్టువాడి వైపు చూస్తూ. "నెగ్గీస్తే నాకూ ఒక గోల వదిలిపోతాది."

చివరి క్షణంలో, గాల్లో ఉన్న బంతి రింగు అంచు మీద తిరిగి తిరిగి బయట పడిందనీ, ఒక్క పాయింటుతో ఓడిపోయామనీ రాస్తే ఈ కథ అందంగా ఉంటుంది. పందొమ్మిది పాయింట్లతో ఓడిపోయాం. ఫైనల్లో తూర్పు రింగు మాకు ముందే వచ్చేసింది. మొదటి సగం సింహాల్లా ఆడి ఆధిక్యంలో ఉన్నాం. సగం అయ్యాక వైపులు మార్చుకోమని రిఫరీ చెయ్యి ఊపగానే మా వాళ్ళ మొహాల్లో దీపం ఆరిపోవడం బెంచీ మీద నుంచి నాకు కనబడింది. మావ పీడీ సారు చొక్కా పట్టుకుని, "సారూ, మనోల్లని తూరుపుకే ఉంచీమని సెప్పండి సారూ! ఆ విజిలోడికి ఒక మాట సెప్పండి!" అని బతిమాలాడు. నియమాలు ఒప్పుకోవు అన్నారు సారు. "ఏటి నియమాలు, అలవాటు నేని గుంటల్ని అటు తిప్పీసి!" అని మావ కూలబడిపోయాడు. తమ మనిషి ఓడిపోతే ఎత్తుకుపోదామని వచ్చినవాడు అంతగా ఏడుపు మొహం పెట్టడం ఏ టోర్నమెంటులోనూ జరిగి ఉండదు. పీడీ సారు ఆఖర్న నన్ను కూడా దింపారు, భయపడతారేమోనని. ఎవరూ భయపడలేదు. ఒకడు నన్ను చూసి దారి ఇచ్చాడు కూడా, పెద్దవాళ్ళకి ఇచ్చినట్టు.

రన్నర్స్ పతకాలు మెడలో వేసుకుని, వానలో, అందరం నడుచుకుంటూ స్టేషనుకి వెళ్ళాం. దారంతా తెడ్డు సంచి నేను మోశాను. వాడు వద్దనలేదు. ప్లాట్‌ఫాం మీద వాడు మా కాలేజీ జెర్సీ విప్పి, పిండి, మడత పెట్టి పీడీ సారుకి ఇవ్వబోయాడు. అది కాలేజీ ఆస్తి, ప్రతి మ్యాచి తర్వాత ఆయనే గోనె సంచిలో వేసుకుని లెక్క చూసుకుంటారు. సారు దాన్ని అందుకోలేదు. "తడి బట్ట సంచిలో ఎడితే మిగతావి కూడా ముక్కిపోతాయిరా. నీకాడే ఉంచు" అని అటు తిరిగి, రాని రైలు కోసం చాలా శ్రద్ధగా చూశారు. అందరూ నా వైపు చూస్తున్నారు. ఏదో ఒకటి అంటానని, అందరం నవ్వేస్తే అయిపోతుందని. నాకు తెలుసు, వాళ్ళకి కావలసింది అదే. బుర్రలో వెతికాను. ఎండు చేపల వాసన తప్ప ఏమీ తగల్లేదు.

రైలు వచ్చింది, జనరల్ పెట్టెలో ఇద్దరూ ఎక్కారు. "ఎల్లొస్తాన్రా" అన్నాడు తెడ్డు. కదిలాక ఏం చెయ్యాలో తెలీక మేమంతా చేతులెత్తి బై, బై అని అరిచాం. గుమ్మంలో మేనల్లుడి వెనక నిలబడ్డ మావ వాడి భుజం మీంచి తల బయటికి పెట్టి, వానలో మాకు వినబడాలని గొంతు చించుకుని అరిచాడు: "ఒరే, బై అంటే ఓడిపోయినట్టు కాదు గదరా! మీ సారే సెప్పినారు గదా!"

జట్టు ఆ ఏడాదితో అయిపోయింది. కోర్టు ఇప్పుడు పూర్తిగా ధాన్యానిదే. నేను ఒక ఆఫీసులో కూర్చునే ఉద్యోగం చేస్తున్నాను, బెంచీ అనుభవం పనికొచ్చింది. బోటు రేవుకి చేరినప్పుడు తెడ్డు ఫోన్ చేస్తాడు. మొన్న చేసినప్పుడు, రేవులో వలలు ఆరేసే గుంజకి ఇనప చట్రం ఒకటి బిగించానని, ఖాళీగా ఉన్నప్పుడు అక్కడున్న మన తీరం గుంటలకి ఆట నేర్పుతున్నానని చెప్పాడు. ఒక్కటే రింగా అని అడిగాను. "మనకి రెండోది ఎప్పుడున్నాదిరా?" అని నవ్వాడు. ఏ వైపుకి కట్టావని అడిగితే తూర్పుకే అన్నాడు. తర్వాత ఎవరో పిలిచారు, సరంగు కాబోలు. "సరే మరి, బై రా" అన్నాడు. ఏ రౌండుకిరా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ రోజుల్లో అయితే అనేసేవాణ్ణి.