ఎడమకు ఒరిగిన కారు

మా కారు ముసలిది. పుప్పాలగూడలో ఇంకా పొలాలున్నప్పుడు కొన్నాం. ఆ పొలాల్లో ఇప్పుడు మేడలు లేచాయి, కారు మాత్రం అదే. మొన్నటి వానాకాలం అది ఎడమకు ఒరగడం మొదలుపెట్టింది. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే ముందు చక్రం దగ్గర టకటకమనేది, దిగితే పడవలా ఊగేది.

ఎడమవైపు ముందు సీటు నాది. మా ఆయన అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నలుగురూ వినేలా అన్నాడు: "కారు ఖరాబేం కాలే. మా ఇంటామె బరువుకు వంగింది."

అందరూ నవ్వారు. సాయంత్రానికి తెల్లాపూర్‌లో ఉండే మా బిడ్డ కూడా ఫోన్లో నవ్వింది. నేను లావే, కాదనను. కానీ చేయని తప్పు నా మీద వేస్తే ఊరుకోను. ఆ రోజు నుంచి వెనక సీట్లో, కుడివైపు, ఆయన వీపు వెనకే కూర్చున్నాను. అయినా కారు ఎడమకే ఒరిగింది.

"గిప్పుడేమంటవ్?"

"దానికి అలవాటైంది" అన్నాడు.

చివరికి టైరు ఒక పక్కే అరిగి నున్నబడేసరికి హఫీజ్‌పేట్‌లో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లక తప్పలేదు. నేనూ వెళ్లాను. తీర్పు నా చెవులతో వినాలి కదా! అరవై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని, బోర్డు కనిపిస్తే వదలను. కూడబలుక్కుని చదివాను. షాకప్‌లు, బుష్‌లు, స్ప్రింగులు అని ఉంది. లావుపాటి ఆడవాళ్లు అని ఎక్కడా లేదు.

మెకానిక్ కారును జాకీ మీద లేపి, చక్రం విప్పి చూశాడు. "స్ప్రింగ్ కింది చుట్టు విరిగింది పెద్దయ్యా. షాకప్ నుంచి ఆయిల్ కారుతుంది. బుష్‌ల రబ్బరు పిండిపిండి అయింది, గా టకటక దానిదే."

"మనిషి కూసుంటే విరుగుతదా?" నేనే అడిగాను.

"ఏంది పెద్దమ్మా! ఐదుగురు కూసునే బండి. తుప్పు వట్టింది, గుంతలల్ల పడి విరిగింది."

మా ఆయన ఆకాశం వైపు చూశాడు. నేను బిడ్డకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి ఆయన నోటి ముందు ఉంచాను.

"స్ప్రింగ్ విరిగిందట బిడ్డా."

"పూరా చెప్పు" అన్నాను.

"మీ అమ్మతోని గాదు."

బిడ్డ పడీపడీ నవ్వింది, ఈసారి ఆయన మీద.

రెండు పక్కలా కొత్త స్ప్రింగులు, షాకప్‌లు వేయించాం. ఒక పక్కే మారిస్తే మళ్లీ ఒరుగుతుందట. బయల్దేరేటప్పుడు ముందు డోర్ ఆయనే తెరిచాడు. నేను కావాలనే దబ్బున కూర్చున్నాను. కారు కాస్త దిగి, లేచి, నిలకడగా నిలబడింది.

"చూసినవా?"

"చూసిన గని, కాళ్లు లోపల వెట్టు" అన్నాడు.