అరవై దగ్గర ఆగిపోయిన ప్రెసిడెంట్లు

మొన్న శనివారం నా చేతిలోంచి మైకు లాక్కున్నారండీ! నా చేతిలోంచి! లీడ్స్‌లో నోరు విప్పితే వెంబ్లీలో చప్పట్లు వినిపించే మనిషిని నేను. లాక్కున్నది పంతులుగారు. కారణం, అమెరికా ప్రెసిడెంట్లు!

మా ఫ్రెండు సూర్యానికి షష్టిపూర్తి. ఇక్కడే ఇంగ్లండ్‌లో, మిల్టన్ కీన్స్ అనే ఊళ్లో కమ్యూనిటీ హాలు తీసుకున్నారు. రెండు నెలల కిందటే వాడికి గుండెలో స్టెంట్ వేశారు. అప్పట్నుంచీ మనిషి డీలా పడిపోయాడు. మెట్లెక్కాలంటే భయం, గట్టిగా నవ్వాలన్నా భయం. వాళ్లమ్మాయి లావణ్య నాకు ఫోన్ చేసింది.

"అంకుల్, నాన్న ఈజ్ సో స్కేర్డ్. మీరు చెప్తే వింటారు. ఫంక్షన్‌లో ఏదైనా పాజిటివ్‌గా మాట్లాడండి, ప్లీజ్!"

ఇంకేం కావాలి! అమెరికా ప్రెసిడెంట్ల ఆయుష్షులు నాకు కంఠతా వచ్చు. పోయినవాళ్లలో ఆరుగురు తొంభై దాటారు. అంత టెన్షన్ ఉద్యోగం చేసి తొంభై! మరి ముప్ఫయ్యేళ్లూ ఆఫీసులో హీటర్ పక్కన కూర్చున్న సూర్యానికేం రోగం?

కారులో మా ఆవిడ మొదలుపెట్టింది. "శుభమా అని వాళ్లు పీటల మీద కూర్చుంటే చావుల గోలేమిటండీ?"

"చావులు కాదే, ఆయుష్షులు!"

"అయితే ఆ తొంభై సంగతి ముందు చెప్పేయండి."

"క్లైమాక్స్ ముందే చెప్తారటే ఎవరైనా? కింద నుంచి ఒక్కో మెట్టూ ఎక్కించి తీసుకెళ్తా, చూస్తూ ఉండు."

ఎక్కించాను. సూర్యం, వాళ్లావిడ మెళ్లో దండలతో కూర్చున్నారు. మైకందుకుని గర్జించాను. "నలభై ఆరు! ఒక ప్రెసిడెంటు తుపాకీ గుండుకి పోయాడు!"

హాల్లో తలలన్నీ నావైపు తిరిగాయి. ఆహా, కట్టిపడేశాననుకున్నాను.

"నలభై తొమ్మిది! ఇంకొకాయన! ఈయనకీ తుపాకీయే!"

లావణ్య రెండు చేతులూ ఊపుతోంది. ఉత్సాహపరుస్తోందనుకున్నాను. యాభైల్లో పోయినవాళ్లని కూడా వరసగా సాగనంపి, గొంతు పెంచాను.

"ఇక అరవై! సరిగ్గా మన సూర్యం వయసు! ఈ వయసులో ఇద్దరు పోయారు. ఒకాయన రాత్రి పడుకుని మళ్లీ లేవలేదు. రెండో ఆయన ఇంట్లో ఉండగానే, గుండె..."

అక్కడ పోయింది మైకు. పంతులుగారు గబగబా ఆశీర్వచనం అందుకుని, అందరి చేతా అక్షతలు వేయించేస్తున్నారు.

"ఇంకా తొంభై ఉందండీ!" అని నేను ఉత్త గొంతుతో అరిచాను.

"అమ్మో, ఇంకా తొంభైమందా!" అంటూ వెనక వరసలో ఒక ఆంటీ లేచి వెళ్లిపోయింది.

తలొంచుకుని సూర్యం దగ్గరికి నడిచాను. వాడి భుజాలు అదురుతున్నాయి. ఏడిపించేశానా అని నా పై ప్రాణాలు పైనే పోయాయి. తీరా చూస్తే, నవ్వు! కళ్లనీళ్లు కారేలా నవ్వుతున్నాడు. స్టెంట్ వేశాక వాడలా నవ్వడం అదే మొదలు.

"ఒరేయ్, నీ స్పీచ్‌కే ఆగలేదంటే ఈ గుండె ఇంక దేనికీ ఆగదురా!" అన్నాడు. భోజనాల్లో వాళ్లావిడ కళ్లెర్ర చేస్తున్నా రెండో బొబ్బట్టు అడిగి మరీ వేయించుకున్నాడు.

ధైర్యం చెప్పమన్నారు, చెప్పానా లేదా? దెబ్బకి మిల్టన్ కీన్స్ అంతా నా పేరు మోగిపోయింది. వచ్చే నెల ఇంకో షష్టిపూర్తికి ప్రత్యేకంగా ఫోన్ చేసి పిలిచారు కూడాను. ముహూర్తం పొద్దున పదింటికట. నన్ను మాత్రం తిన్నగా భోజనాల వేళకి రమ్మన్నారు.